పాత మోటారు బండికి ఏ నూనె?

ఎద్దుబండి ఇరుసునకు కందెన పెట్టనిచో బండి కీచుమని మొరపెట్టును. కొంతకాలమునకు ఇరుసు అరిగిపోవును. మోటారు ఇంజనుకు మొరపెట్టుకొను వ్యవధియైనను ఉండదు. నిమిషమునకు వేలసార్లు తిరుగు భాగముల నడుమ నూనెపొర తెగినచో లోహము లోహమును ఒరసికొని, వేడెక్కి, పట్టివేయును. కనుక తగిన నూనెను ఎన్నుకొనుట ఇంజను ఆయుర్దాయమునకు సంబంధించిన విషయము.

ద్రవము తన ప్రవాహమును తానే ఎదిరించు గుణమును స్నిగ్ధత అందురు. ఇది వేడిమితో మారును. కొంచెము ఆముదమును చల్లగాను, కొంచెము వేడిచేసియు రెండు గిన్నెలనుండి వంచి చూచినచో విద్యార్థులు ఈ సంగతిని సులభముగ గ్రహింపగలరు. ఇంజను నూనెకును ఇదే చిక్కు: చల్లనివేళ మరీ చిక్కన, వేడెక్కినవేళ మరీ పలుచన.

ఈ గుణమును అంకెలలో తెలుపుటకు ఎస్.ఏ.ఇ. అను అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో ఒక వర్గీకరణమును ఏర్పరచెను. తరువాత అది పలుమార్లు సవరింపబడినది. డబ్బాపై కనిపించు '20డబ్ల్యు-50' వంటి గుర్తు దానికి చెందినదే. 'డబ్ల్యు' అక్షరము శీతకాలమునకు గుర్తు, బరువునకు కాదు. మొదటి అంకె చలిలో నూనె ఎంత తేలికగ కదలునో చెప్పును. రెండవ అంకె 100 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద స్నిగ్ధతను చెప్పును: 40వ తరగతికి 12.5 మొదలు 16.3 సెంటీస్టోకులలోపు, 50వ తరగతికి 16.3 మొదలు 21.9లోపు. ఒకే నూనెకు రెండు అంకెలు చెల్లుటకు కారణము అందు కలుపు పాలిమరులు. చల్లగ నున్నప్పుడు ముడుచుకొని యుండు ఈ పొడవైన అణువులు వేడెక్కగనే విచ్చుకొని, నూనె మరీ పలుచబడకుండ కాపాడును.

1958 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కారును ఉదాహరణముగ తీసికొందము. అందు చాలకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను వంటి వాటిలో బేరింగుల సందులు నేటి ఇంజనులకన్న వెడల్పు. అరుగుదలచే అవి ఇంకను పెరుగును. నేటి కార్లకై చేసిన 0డబ్ల్యు-20 వంటి పలుచని నూనె ఆ సందులలో నిలువక జారిపోవుటచే పీడనము తగ్గును. పిస్టను రింగులను దాటి మండి నీలిపొగ యగును. ఇట్టి వాటికి 20డబ్ల్యు-50 వంటిది తగును. 20డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 15 డిగ్రీల చలిలో పరీక్షింతురు. తెలుగునాట అంత చలి యుండదు గనుక ఆ అంకె ఇచట ఇబ్బంది కలిగింపదు.

అట్లని 'ఎంత చిక్కనైన అంత మేలు' అనుకొనరాదు. మితిమీరి చిక్కనైన నూనె ఇంజను కదలగనే పైభాగములకు చేరుట ఆలస్యమగును. ఆ కొద్దిక్షణములలోనే భాగములు అరుగును. పైగా అది అరిగిన రింగులను బాగుచేయదు. పొగను కొంతకాలము దాచును, అంతే.

మరియొక సంగతి. కామ్‌పై ట్యాపెట్టు జారుచు ఒరయు పాత ఇంజనులకు జింకు, ఫాస్ఫరసు గల సంకలిత ద్రవ్యము కవచము వంటిది. నేటి కార్ల పొగగొట్టములోని ఉత్ప్రేరకమును ఫాస్ఫరసు చెరచును గనుక, పలుచని క్రొత్త నూనెలలో దానిని తగ్గించిరి. కావున క్రొత్తదెల్ల పాత ఇంజనుకు మేలు చేయదు.

బండితో వచ్చిన పుస్తకములోని సూచనయే మొదటి ప్రమాణము. దానిననుసరించి నూనెను ఎన్నుకొని, వేళకు మార్చి, డిప్‌స్టిక్కుతో మట్టమును చూచుకొనువాని బండి దారిలో నిలిచిపోవుట అరుదు.