కిడ్నీ జబ్బుకు ప్రోబయోటిక్ మాత్రలా? పెరుగు గిన్నె చాలదా?

నలుగురు ఆడవాళ్ళం ఒకచోట కూర్చుంటే ఇదివరకు బంగారం ధర, పిల్లల మార్కులు మాటల్లోకి వచ్చేవి. ఇప్పుడు “మీవారికి క్రియాటినిన్ ఎంతుంది?” అన్న మాట కూడా వస్తోంది. దాని వెంటే ఇంకో మాట. “ప్రోబయోటిక్ మాత్రలట వదినా, పేగుల్లోనే విషాన్ని తినేస్తాయట, క్రియాటినిన్ దిగుతుందట, మీరూ వేస్తున్నారా?” అని.

కోదాడలో మా బంధువులావిడ ఇంట్లో ఈ మాట ఎంతదాకా పోయిందంటే, మాత్రలు మొదలుపెట్టాం కదా, వారానికి మూడుసార్లు చేయించే డయాలసిస్‌ను రెండుసార్లకు తగ్గిస్తే ఏమవుతుందిలే అనుకున్నారు. డాక్టరుగారు గట్టిగా కోప్పడితే ఆగారు. ఆగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె దడ! అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఈ మాత్రల వెనక ఉన్న ఆలోచన ఏమిటో చూడండి. మనం తినే పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు కొంత అరగకుండా పెద్దపేగు దాకా పోతాయి. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. అవి ఆ మాంసకృత్తులను విరగ్గొట్టి ఇండోల్, పి-క్రెసాల్ అనే పదార్థాలు తయారుచేస్తాయి. కాలేయం వాటిని ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్‌గా మారుస్తుంది. కిడ్నీలు బాగుంటే ఇవి మూత్రంలో పోతాయి. పాడైతే రక్తంలోనే ఉండిపోతాయి. పైగా ఇవి రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటుకుని ఉంటాయి కనుక డయాలసిస్‌లోనూ సరిగా వదలవు. మరైతే తయారయ్యే చోటే, అంటే పేగుల్లోనే వీటిని తగ్గిస్తే పోలా? మంచి సూక్ష్మజీవులను లోపలికి పంపితే చెడ్డవి తగ్గుతాయి కదా? ఇదీ ఆలోచన. పుల్లటి పెరుగుతో పేగుల్లోని చెడు తగ్గి ఆయుష్షు పెరుగుతుందని, 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కూడా చెప్పాడు. (పెరుగన్నం లేనిదే విస్తరి ముందు నుంచి లేవని మనకు ఆయన కొత్తగా చెప్పిందేముంది అనుకోండి!)

ఆలోచన బాగానే ఉంది. మరి ఫలితం? కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వారు 2023లో ఇలాంటి 45 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించారు. అన్నిట్లో కలిపి రెండువేల మందికి పైగా కిడ్నీ రోగులు. ఈ మాత్రల వల్ల కిడ్నీ చెడిపోవడం ఆగిందని గానీ, ఆయుష్షు పెరిగిందని గానీ గట్టిగా చెప్పగల ఆధారం వారికి దొరకలేదు. చాలా పరిశోధనలు చిన్నవి, కొద్దికాలం జరిగినవి.

“మావారికి క్రియాటినిన్ నిజంగానే తగ్గిందండీ” అనేవాళ్ళు ఉంటారు. క్రియాటినిన్ మన కండరాల్లో పుట్టేది. అది రక్తంలో ఎంత నిలిచిందన్నదాన్ని బట్టి కిడ్నీ ఎలా పనిచేస్తోందో డాక్టర్లు లెక్క కడతారు. తిండి తగ్గి మనిషి చిక్కిపోయినా ఆ అంకె దిగుతుంది. థర్మామీటరును చన్నీళ్ళలో ముంచితే జ్వరం తగ్గినట్టా చెప్పండి?

మందులషాపులో ఆ డబ్బా తీసుకున్నప్పుడు ఒకసారి తిప్పి చూడండి. “మందుగా వాడరాదు” అని అర్థం వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఇలాంటి పోషక ఉత్పత్తులకు మన దేశ ఆహార భద్రతా సంస్థ ఆ మాట తప్పనిసరి చేసింది. చాలా డబ్బాల మీద ఉండేది ఆహార పదార్థాలకు ఇచ్చే 14 అంకెల లైసెన్సే. రోజుకు వాడే మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ సూక్ష్మజీవులు ఉండాలన్నది కూడా ఆ సంస్థ నిబంధనే. సజీవంగా అన్న మాట గుర్తుంచుకోండి. మే నెలలో మన ఉమ్మడి నల్లగొండ వైపు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. మిర్యాలగూడ బస్సులో, సంచిలో మూడు గంటలు వేగిన మాత్రల్లో ఎన్ని బతికుంటాయో ఎవరు లెక్కపెట్టొచ్చారు? చల్లని చోట ఉంచమని డబ్బా మీద రాసి ఉంటే ఆ మాట పాటించాల్సిందే.

డబ్బు పోతే పోయింది, నష్టమైతే లేదుగా అంటారా? చాలామందికి లేదు. కానీ కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు, డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టించుకున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వీటి జోలికే పోకూడదు. అరుదుగానైనా ఈ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. విరేచనాలకు ఇచ్చే కొన్ని పొడి ప్యాకెట్లలో సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టు ఉంటుంది. మెడలో గొట్టం ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. పక్క మంచం మీది వాళ్ళ కోసమైనా సరే, ఆ ప్యాకెట్టు గొట్టం దగ్గర చింపకండి.

ఇక పెరుగు సంగతి. మా అత్తయ్యగారికి కిడ్నీ జబ్బు వచ్చి ఇన్నేళ్ళయినా పెరుగు లేని అన్నం ఆవిడకు అన్నమే కాదు. పూర్తిగా మానాల్సిన పని లేదని, కొలతే ముఖ్యమని డాక్టరు చెప్పాక మా ఇంట్లో ఒక చిన్న స్టీలు గిన్నె ఆవిడ పేరున ఏర్పడిపోయింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం ఆవుపెరుగు 100 గ్రాముల్లో మాంసకృత్తులు 3 గ్రాములు, భాస్వరం 93 మిల్లీగ్రాములు. డయాలసిస్ దాకా రానివాళ్ళకు మాంసకృత్తులు మితంగా, అంటే సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు చెబుతారు. డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది, 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలంటారు. అందుకే పక్కింటావిడ గిన్నె కొలత మన ఇంటికి పనికిరాదు.

ఇంట్లో తోడువేసిన పెరుగులోనూ సజీవ సూక్ష్మజీవులు ఉంటాయి. ఏ రకం, ఎన్ని అన్నది మాత్రం చెప్పలేం. మజ్జిగపులుసు కాస్తే అవన్నీ చస్తాయి, రుచి మిగులుతుందనుకోండి. మనవైపు సల్ల అంటే చలువ, ఎంత తాగినా మంచిదే అని నమ్మకం. మూత్రం తగ్గిపోయిన మనిషికి సల్ల కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది. గ్లాసుల కొద్దీ తాగిస్తే ఆయాసం వచ్చి కూర్చుంటుంది. కొబ్బరినీళ్ళైతే మరీ ప్రమాదం. వాటిలో పొటాషియం ఎక్కువ. అది రక్తంలో హద్దు మీరితే గుండె ఆగిపోవచ్చు. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్మేవాటిలోనూ ఉప్పుకు బదులు కలిపేది పొటాషియమే! బీపీకి మంచిదని ఎవరైనా తెచ్చిస్తే కిడ్నీ మనిషి వంటలో వేయకండి.

పేగుల గురించి నిజంగా పట్టించుకోవాల్సింది మలబద్ధకం. పొటాషియం భయంతో కూరగాయలు తగ్గిస్తాం, నీళ్ళు తగ్గిస్తాం, ఐరన్ మాత్రలు వేస్తాం. ఇక విరేచనం ఎలా అవుతుంది? కిడ్నీ మందగించిన మనిషిలో పేగుల దారిన పోయే పొటాషియం భాగం పెరుగుతుంది. ఆ దారి కూడా మూసుకుంటే ఎలా? ఈ మాట మన పెద్దవాళ్ళు సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు. మనమే చెప్పాలి. మాత్రల డబ్బా కూడా వెంట తీసుకెళ్ళి చూపించండి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ప్రతి అనుమానానికీ హైదరాబాద్ బస్సు ఎక్కక్కర్లేదు.

కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది గానీ, ఎక్కువ చోట్ల దీనికి మూలం షుగరు, బీపీలే. అవి అదుపులో ఉంచడం, నొప్పిమాత్రలు సొంతంగా వేసుకోకపోవడం కిడ్నీకి చేసే మేలు ఏ ప్రోబయోటిక్కూ చేయదు.

పీచు, పెరుగు రెండూ అందే సొరకాయ పెరుగుపచ్చడి మా ఇంట్లో ఇలా చేస్తాను. లేత సొరకాయ చెక్కు తీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. పొటాషియం కొంత వాటితో పోతుంది. చల్లారాక మెదిపి, రోజు కొలతలోంచే తీసిన పెరుగు రెండు మూడు చెంచాలు కలపాలి. చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు, చిటికెడు ఇంగువతో పోపు. వేడి మీద పెరుగు కలిపితే విరుగుతుంది, పోపు కూడా చల్లారాకే వేయండి. ఉప్పు రోజు మొత్తానికి, అన్ని వంటల్లో కలిపి, చిన్న చెంచా అంటే 5 గ్రాములు దాటకూడదు. అందుకని దీనిలో చిటికెడే వేసి, పైన అర చెంచా నిమ్మరసం పిండితే చప్పగా ఉందని ఎవరూ అనరు. ఆ పూట ఊరగాయ జాడీ మాత్రం వంటింట్లోంచి బయటికి రానివ్వకండి!