డిగ్రీలో మైనర్‌గా రంగస్థల కళలు: పాఠ్య ప్రణాళికలో పరిశీలించవలసిన అంశాలు

ప్రత్యేక వ్యాసం

వాణిజ్యశాస్త్రమో, భౌతికశాస్త్రమో ప్రధానంగా చదివే డిగ్రీ విద్యార్థి అదే పట్టాలో భాగంగా రంగస్థల కళలను కూడా క్రమబద్ధంగా అభ్యసించడానికి వీలున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022 డిసెంబరులో వెలువరించిన డిగ్రీ పాఠ్య ప్రణాళిక, క్రెడిట్ల విధివిధానాలు ఇందుకు ఆధారం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో ఒకే మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ గల విధానం 2023-24 విద్యాసంవత్సరంలో ప్రవేశించింది. ఏయే మైనర్లను అందించాలన్నది మాత్రం ఆయా విశ్వవిద్యాలయాలు, కళాశాలలు తమకు గల అధ్యాపకులను, వసతులను బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

యు.జి.సి. విధివిధానాల ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160 క్రెడిట్లు అవసరం. ఇందులో మైనర్ వాటా మూడేళ్ళ కోర్సులో 24, నాలుగేళ్ళ కోర్సులో 32 క్రెడిట్లు. నాలుగేసి క్రెడిట్ల పాఠ్యాంశాలుగా లెక్కిస్తే మూడేళ్ళలో ఆరు పాఠ్యాంశాలన్న మాట. మేజర్‌కు కనీసం సగం క్రెడిట్లు ఉండి తీరవలెను గనుక మైనర్ వలన మేజర్ చదువు కుంటుపడుతుందన్న తల్లిదండ్రుల సందేహానికి నిబంధనలలో ఆస్కారం లేదు.

అయితే రంగస్థల కళల విషయంలో 24 అన్న అంకె కంటే ఆ క్రెడిట్లను ఏ విధంగా విభజించారన్నదే ముఖ్యం. పదిహేను వారాల సెమిస్టర్‌లో ఒక క్రెడిట్ బోధనకు 15 గంటలు, ఒక క్రెడిట్ ప్రయోగ శిక్షణకు 30 గంటలు కేటాయించాలి. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశాన్ని పూర్తిగా ఉపన్యాసాలతో నింపితే విద్యార్థికి 60 గంటలు లభిస్తాయి. రెండు క్రెడిట్లు బోధనకు, రెండు ప్రయోగానికి ఇస్తే 90 గంటలు అవుతాయి. రోజుకు రెండు గంటల చొప్పున నలభై రోజులు రిహార్సల్స్ చేస్తే 80 గంటలు. ఓ మోస్తరు నాటకాన్ని ప్రేక్షకుల ముందుకు తేవడానికి అంతకంటే తక్కువ కాలం సరిపోదని నాటక సమాజాలవారికి అనుభవమే. ఉపన్యాసాలకే పరిమితమైన పాఠ్యాంశంలో అరవై గంటలనూ రిహార్సల్స్‌కు మళ్ళించినా నాటకం సిద్ధం కాదు. అటువంటి చోట విద్యార్థి నాట్యశాస్త్ర అధ్యాయాల పేర్లు, చతుర్విధాభినయాల నిర్వచనాలు అప్పగించి ఉత్తీర్ణుడు కావచ్చును గాని వేదికపై ఒక్కసారి కూడా నిలబడకపోవచ్చు. ఆరు పాఠ్యాంశాలనూ కలిపి చూస్తే ఈ రెండు పద్ధతుల మధ్య వ్యత్యాసం 180 గంటలు. పాఠ్య ప్రణాళిక పత్రంలో ఇది ఒక్క గడిలోని మార్పు మాత్రమే. మైనర్ పాఠ్య ప్రణాళికలు పాఠ్యప్రణాళికా మండలి ముందుకు వచ్చినపుడు అధికారులు మొదట చూడవలసిన గడి అదే.

మైనర్‌కు కేటాయించిన క్రెడిట్లలో కనీసం 12 వృత్తివిద్యకు సంబంధించినవై ఉండాలన్న నిబంధన కూడా ఉన్నది. దీనిని అదనపు భారంగా భావించే కళాశాలలు ఉండవచ్చు. రంగస్థల కళలకు మాత్రం ఇది మేలు చేసే నిబంధనే. రంగోద్దీపనం, ధ్వని, ఆహార్యం, రంగాలంకరణ, ప్రదర్శన నిర్వహణ అన్నీ చేతితో నేర్వవలసిన పనులు. నటనపై ఆసక్తి లేని విద్యార్థికి సైతం ఇక్కడ స్థానం ఉంటుంది. భౌతికశాస్త్ర విద్యార్థి దీపాల అమరికలోను, వాణిజ్యశాస్త్ర విద్యార్థి ప్రదర్శన వ్యయపట్టికలోను తాము చదువుకున్నది ఉపయోగించుకోగలరు.

ఇతర చదువుతో, ఇతర వృత్తితో నాటకాన్ని జోడించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు 1880లో 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేసినది తమ విద్యార్థుల చేతనే. బళ్ళారిలో నాటకాన్ని నిలబెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ వృత్తిరీత్యా న్యాయవాదులు. నాటకం వారికి మేజర్ కాదు, మైనరే అని చమత్కరించినా తప్పు లేదు.

ఇక బోధకుల సమస్య. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం వంటి చోట్ల రంగస్థల కళల ప్రత్యేక విభాగాలు నెలకొన్నాయి. సాధారణ డిగ్రీ కళాశాలలో అటువంటి విభాగం అరుదు. తెలుగు అధ్యాపకుడే నాటకం కూడా చెప్పాలన్న ఏర్పాటు తాత్కాలికంగా నడుస్తుంది గాని ప్రయోగ శిక్షణకు చాలదు. ఈ లోటును పూడ్చడానికి మరొక మార్గం ఉన్నది. పదిహేనేళ్ళ వృత్తి అనుభవం గల నిపుణులను, పీహెచ్.డి. లేకపోయినా, మంజూరైన పోస్టులలో పది శాతం మించకుండా 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా నియమించుకోవచ్చని యు.జి.సి. 2022లో అనుమతించింది. కళాకారులను విద్యాసంస్థలలో ఆవాస కళాకారులుగా చేర్చుకోవడానికి 2023లో మార్గదర్శకాలు వెలువరించింది. 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కడప జిల్లా సురభి గ్రామంలో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయంలో తెరలు, ట్రిక్కు సీన్లు, పద్యపఠనం తరతరాలుగా కుటుంబాలలోనే సంక్రమిస్తూ వచ్చాయి. ఆ విద్య గలవారిలో అనేకులకు విశ్వవిద్యాలయ పట్టాలు లేవు. ఇంతకాలం వారిని తరగతి గదికి దూరంగా ఉంచిన అడ్డంకి ఇదే.

మూల్యాంకనం విషయంలో పత్రికా ప్రతినిధులు సైతం గమనించదగిన తేడా ఒకటున్నది. యువజనోత్సవాలలో ఏకాంకిక ప్రదర్శించి బహుమతి గెలుచుకోవడం వేరు, మైనర్ పూర్తి చేయడం వేరు. ఉత్సవంలో జట్టుకు బహుమతి వస్తుంది; మైనర్‌లో ఒక్కొక్క విద్యార్థికీ విడివిడిగా మార్కులు వేయాలి. పదిహేను మంది కలిసి చేసిన నాటకంలో ఎవరి కృషి ఎంత? నాటకం రక్తికట్టనంత మాత్రాన దీపాలు సక్రమంగా నడిపిన విద్యార్థికి మార్కులు తగ్గించడం న్యాయం కాదు. రిహార్సల్ దినచర్య పుస్తకం, దర్శకుని ప్రతి, ఆహార్య చిత్రాలు, ప్రదర్శన తరువాత మౌఖిక పరీక్ష, వీటన్నింటికీ విడిగా మార్కులు కేటాయించడం వలన ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. వీటిని భద్రపరచాలన్న నియమం లేకపోతే ప్రయోగ మార్కులు హాజరు మార్కులుగా మారిపోయే ప్రమాదం లేకపోలేదు.

డిగ్రీ అనంతర ప్రయోజనం కూడా చెప్పుకోదగినదే. మేజర్‌లోనే గాక మైనర్‌గా చదివిన విషయంలోనూ స్నాతకోత్తర ప్రవేశానికి విద్యార్థి అర్హుడని యు.జి.సి. 2024లో ప్రకటించిన పి.జి. విధివిధానాలు పేర్కొంటున్నాయి. ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి డిగ్రీలో ఏమి చదివారన్నదానితో నిమిత్తం లేకుండానే అర్హత ఉన్నది గనుక రంగస్థల పి.జి.కి మైనర్ తప్పనిసరి కాదు. 1959లో స్థాపితమైన జాతీయ నాటక విద్యాలయం మాత్రం తన డిప్లొమా అభ్యర్థుల నుండి పట్టాతోపాటు కనీసం ఆరు నాటకాలలో పాల్గొన్న అనుభవాన్ని చాలాకాలంగా కోరుతూ వచ్చింది. మైనర్ చేపట్టిన కళాశాలలు ప్రతి సెమిస్టర్‌లో విద్యార్థి ఏ నాటకంలో ఏ బాధ్యత నిర్వహించినదీ రికార్డులో నమోదు చేసి, తేదీతో సహా ధ్రువపత్రం జారీ చేయవలసి ఉంటుంది.