ఒక్క మడిలో మందు పెడితే ఎలుకలు పోవు

బయ్యారం పెద్దచెరువు కింద నాట్లు పడి నెల దాటిందంటే ఎలుకల గోల మొదలవుతుంది. తెల్లారి పొలం పోయి చూస్తే పిలకలు కొడవలితో కోసినట్టు ఏటవాలుగా తెగిపడి ఉంటాయి. అప్పటికప్పుడు రైతు దుకాణానికి ఉరుకుతాడు, మందు పొట్లం తెస్తాడు, కూలి మనిషి చేతిలో పెడతాడు. నాలుగు రోజులు ఎలుకలు కనబడవు. ఐదో రోజు పక్క మడి నుంచి కొత్త దండు దిగుతుంది.

కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దంలో కట్టించిన చెరువు ఇది. దీని నీళ్లు మడి నుంచి మడికి ఎట్లా పారుతాయో, ఎలుకలూ అట్లే పారుతాయి. పట్టా హద్దులు వాటికి తెలియవు. అందుకే ఇది ఒక్కరి పని కాదు, ఊరి పని.

మన పొలాల్లో ఎక్కువ నష్టం చేసేది పందికొక్కు. లావు ఒడ్లలో పొక్క చేస్తుంది, మూతి దగ్గర మట్టి కుప్ప పోస్తుంది. కంకులు కొరికి లోపల దాస్తుంది. కోతల తర్వాత ఆ పొక్కలు తవ్వి, దొరికిన గింజలతో గంజి కాచుకున్న కూలి కుటుంబాలు ఎన్నో. ఇది మూడు వారాలు మోసి ఈనుతుంది. ఆలస్యం చేసినకొద్దీ మంద పెరుగుతుంది.

కాబట్టి పొట్టకు రాకముందే, ఆయకట్టు అంతా ఒకేసారి కదలాలి. ఒడ్లు సన్నగా చెక్కాలి, గడ్డి కోయాలి. సాయంత్రం పొక్కలన్నీ మట్టితో మూయాలి. పొద్దున తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు లెక్క. వాటికే పొగ పెట్టాలి, లేదా ఎర వేయాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలిన్ పొడి కలిపి, చిన్న పొట్లాలు కట్టి పొక్క లోపల వేయాలి. ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు గనుక తక్కినవి అనుమానపడవు. జింకు ఫాస్ఫైడ్ అయితే ముందు ఒకటి రెండు రోజులు ఉత్త నూకలు అలవాటు చేయాలి. లేకపోతే తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. పాములు, గుడ్లగూబలు ఖర్చు లేని కాపలాదారులు. వాటిని చంపితే ఎలుకలను పెంచినట్టే.

ఇక కూలి సంగతి. జింకు ఫాస్ఫైడ్ కడుపులో పడితే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. బ్రోమోడయోలిన్‌కు విటమిన్ కె విరుగుడు ఉంది గానీ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. అటువంటి మందును ఒట్టి చేతులతో కలపమనడం ఏం న్యాయం? కర్రతో కలపాలి, చేతులకు తొడుగులు ఉండాలి, పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. ఆ నూకలు పిల్లలకు, కోళ్లకు అందకూడదు. మందు పెట్టిన పొలంలో ఎలుకలను వండుకోవద్దు, చచ్చినవాటిని పాతిపెట్టాలి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో పుండు కాళ్లతో నాటేవాళ్లకు ఎలుక జ్వరం వస్తుంది. నాట్ల కాలంలో జ్వరం తగిలితే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

అడవి పందుల కోసమని కొందరు పొలాల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. తెలంగాణలో ఇట్లాంటి తీగలకు రైతులు, కూలీలు ఎందరో బలయ్యారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఊరుమ్మడి ఖర్చు కొత్త మాట కాదు. ఇంగ్లండులో 1566లోనే చట్టం చేసి, భూమి ఉన్నవారి దగ్గర డబ్బు వసూలు చేశారు. ఎలుకలను, నేల తవ్విపోసే ‘మోల్’ అనే జంతువును చంపి తెచ్చినవారికి ఆ డబ్బు చెల్లించారు. రాజుల కాలంలో అయిన పని ఇప్పుడెందుకు కాదు?

మా డిమాండ్లు నాలుగే. ఆయకట్టు అంతటికీ ఒకే తేదీ. వ్యవసాయ శాఖ నుంచి ఉచితంగా మందు. మందు పనికి తొడుగులు, సబ్బు, రోజుకూలి కంటే ఎక్కువ కూలి. ఆ కూలి ఎకరాల లెక్కన భూమి ఉన్నవారి నుంచి రావాలి. సన్నకారు రైతులారా, ఇందులో మీకూ లాభమే. కూలీ అక్కలారా, అన్నలారా! తొడుగులు ఇవ్వనిదే మందు ముట్టమని ఈ నాట్లకు ముందే ఊరందరి ముందు చెప్పండి.