వార్తల్లో పదం: సబ్‌గ్రాంట్

పెద్ద సంస్థ తనకొచ్చిన నిధిలో కొంత చిన్న సంస్థకు పంచి, పని అప్పగించడమే సబ్‌గ్రాంట్. పెద్దకాలువ నీళ్లు పిల్లకాలువలోకి మళ్లినట్టు. తెనాలి, రేపల్లె, బాపట్ల వాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

తొలి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది. మరుసటి ఏడాది నవంబరు 19న రేపల్లె, బాపట్ల తీరంలో ఉప్పెన వచ్చింది. దాని వెనకే ఈ తీరానికి సాయమూ వచ్చింది. పిల్లల ఆరోగ్యం చూసే చిన్న సంస్థ విదేశీ దాతను నేరుగా పట్టుకోవడం కష్టం. అందుకే మధ్యలో పెద్ద సంస్థ.

విదేశీ విరాళాల చట్టంలో 2020 సెప్టెంబరు 29న అమల్లోకి వచ్చిన సవరణ ఆ తూము మూసేసింది. అందుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు, దానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఇవ్వకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. పిల్లల బరువు తూచే కాటా కొనొచ్చు. దాని బిల్లు ఫైల్లో అతికించి లెక్క రాసే గుమాస్తా జీతం మాత్రం ఆ 20 శాతంలోనే సర్దాలి. పైగా సంస్థ రేపల్లెలో ఉన్నా, విదేశీ డబ్బు ముందు దిగాల్సింది న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో!

ఇక దేశీయ దారి సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు వాడదగిన పనుల జాబితాలో పౌష్టికాహార లోపం తొలగించడం, వ్యాధి నివారణ ఉన్నాయి. కానీ కంపెనీ తాను పనిచేసే చోటుకే ప్రాధాన్యమివ్వాలని అదే చట్టం అంటుంది. పొలాలూ రొయ్యల చెరువులూ ఉన్న ఊళ్లకు ఏ కంపెనీ స్థానికం?