చదువు రాని అమ్మ కూడా కథ చెప్పవచ్చు

“మాకే చదువు రాదు డాక్టరమ్మా, బిడ్డకు పుస్తకమెట్లా చదివేది?” అని కొందరు తల్లులు అడుగుతుంటారు. బొమ్మల పుస్తకానికి అక్షరాలు రానక్కరలేదమ్మా, కళ్లూ నోరూ చాలు.

చాదర్‌ఘాట్ నుంచి అబిడ్స్ ఎంతో దూరం లేదు. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్‌పై పాత పుస్తకాలు పరుస్తారు. రష్యా రచయిత వ్లదీమిర్ సుతేయెవ్ (1903–1993) పుస్తకం కనిపిస్తే తీసుకోండి. ఆయన కార్టూన్ సినిమాలు తీసినవారు. కథ రాసి, బొమ్మలూ తానే వేసేవారు. అందుకే బొమ్మలు చూస్తేనే కథ తెలిసిపోతుంది. ఒక కథలో వానకు తడిసిన చీమ పుట్టగొడుగు కిందికి దూరుతుంది. తర్వాత సీతాకోకచిలుక, ఎలుక, పిచ్చుక, కుందేలు వస్తాయి. అందరికీ చోటెలా సరిపోయింది? వానకు పుట్టగొడుగు పెరిగింది మరి!

బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని “చీమ ఏదీ?” అని అడగండి. వేలు పెట్టి చూపేదాకా ఆగండి. “ఈమ” అంటే “అవును, చీమ. తడిసిపోయింది పాపం” అని ఇంకో మాట కలపండి. ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలోనే చెప్పండి. అదే పుస్తకం పదిసార్లు అడిగినా విసుక్కోవద్దు. మళ్లీ మళ్లీ విన్న మాటే నోటికి వస్తుంది.

సెల్‌ఫోన్ బిడ్డ జవాబు కోసం ఆగదు. రెండేళ్లు నిండేదాకా తెర వద్దనీ, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

ఏడాదిన్నరకూ ఒక్క మాట పలకకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి” అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించి, చెవి పరీక్ష చేయించండి.