లీటరు తేనె కిలో కాదు!

మొదట్లో నేను నల్లమల తేనెను లీటరు సీసాలో నింపి, కిలో ధరకే అమ్మాను. సీసాకు దాదాపు 400 గ్రాములు ఊరికే ఇచ్చేస్తున్నానని కాటా పెట్టాక గానీ తెలియలేదు. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగుతుంది. కిలో తేనె 700 మిల్లీలీటర్లకు కాస్త పైన, అంతే. "సీసా నిండలేదేమన్నా?" అని అడిగితే కాటా వేసి చూపించండి.

వంటకూ ఇదే లెక్క. 240 మిల్లీలీటర్ల కప్పు తేనె సుమారు 340 గ్రాములు. 15 మిల్లీలీటర్ల చెంచా 21 గ్రాములు. బెల్లం పాకానికి మాత్రం ఒకే లెక్క కుదరదు. చిక్కబడేకొద్దీ అదే కప్పు బరువు పెరుగుతుంది. అందుకే ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి, సున్నా చేసి, పాకం పోసి తూయండి. పై వీడియోలో చేసి చూపించాను.