ఆదిమానవుడి భోజనం మనకు పనికొస్తుందా?

ఈమధ్య పెళ్ళి భోజనాల దగ్గర ఒక వింత కనిపిస్తోంది. అన్నం వడ్డించబోతే "వద్దండీ, మానేశాను" అంటారు. మాంసం మాత్రం మారు వడ్డించుకుంటారు. ఇదేమిటని అడిగితే "ఆదిమానవుడు అన్నం తిన్నాడా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు!

ఈ ప్రశ్న వెనుక కొంత శాస్త్రం లేకపోలేదు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. మానవ శరీరం లక్షల ఏళ్ళు వేటకూ, ఏరుకొని తినడానికీ అలవాటు పడిందనీ, సేద్యం వచ్చి సుమారు పదివేల ఏళ్ళే అయిందనీ, నేటి తిండికి శరీరం ఇంకా సర్దుకోలేదనీ వారి వాదన. దాని నుంచే 'పేలియో' పథ్యం ప్రచారంలోకి వచ్చింది. ఇందులో ధాన్యాలు, పప్పులు, పాలు, చక్కెర నిషిద్ధం. మాంసం, చేపలు, గుడ్లు, కూరలు, పండ్లు, గింజలు తినవచ్చు.

బరువు తగ్గుతుందా?

తగ్గుతుంది. చక్కెర, మైదా, వేపుడు చిరుతిళ్ళు మానేస్తే ఎవరైనా తగ్గుతారు. మాంసకృత్తులు, పీచు ఎక్కువైతే ఆకలి త్వరగా వేయదు. అయితే ఆ తగ్గుదల నిలుస్తుందా? స్వీడన్‌లో 70 మంది స్థూలకాయులైన స్త్రీలపై రెండేళ్ళు జరిపిన పరిశీలన 2014లో వెలువడింది. ఆరు నెలలప్పుడు పేలియో తిన్నవారిలో కొవ్వు ఎక్కువగా తగ్గింది. రెండేళ్ళు తిరిగేసరికి, మామూలు పథ్యం పాటించినవారికీ వీరికీ ఆ తేడా నిలవలేదు.

ఆదిమానవుడు గింజ ముట్టలేదన్న మాట కూడా నిజం కాదు. జోర్డాన్ దేశంలో 14,400 ఏళ్ళనాటి రొట్టె ముక్కలు దొరికినట్లు 2018లో ప్రకటించారు. అంటే సేద్యం పుట్టడానికి నాలుగువేల ఏళ్ళ ముందే మనిషి అడవి గింజలు దంచి రొట్టె కాల్చుకున్నాడన్నమాట!

మన పెద్దల తిండి

అంత దూరం పోనక్కరలేదు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో మన తాతలు తిన్నది గుర్తుచేసుకోండి. జొన్న గటక, అంబలి, పుంటికూర, చేలో దానంతటదే మొలిచే గంగవాయిలి కూర, అడవిలో దొరికే సీతాఫలం, తునికి పండు, మంజీర చేప. వారు ధాన్యం తిన్నారు, కాని చెమటోడ్చి కరిగించారు.

కామారెడ్డి బజారులో ఉదయం నుంచి రాత్రిదాకా గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారికీ, ఎల్లారెడ్డి పక్క పల్లెలో నాట్లు వేసే తల్లికీ ఒకే పళ్ళెం సరిపోదు. ఆమెకు కావలసినంత అన్నం ఆయనకు అక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు రెండువేల కేలరీలు చాలినవారికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు కావాలి. మన పళ్ళెంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది.

కాబట్టి అన్నం మానవద్దు. సగానికి తగ్గించి, ఆ చోటును కూరతో, పప్పుతో నింపండి. రెండు పూటలలో ఒక పూట జొన్నరొట్టె తినండి. కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరే, కాని బెల్లం కూడా తీపే. "చక్కెర కాదు కదా" అని టీలో రెండు చెంచాలు వేసుకోవద్దు. రోజూ అరగంటకు తగ్గకుండా నడవండి.

జాగ్రత్త!

మధుమేహానికి మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం, రొట్టె మానేయడం ప్రమాదం. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలై స్పృహ కూడా తప్పవచ్చు. అలాంటి లక్షణాలు కనబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా ఇలాంటి పథ్యాల జోలికి పోరాదు. పాలు, పెరుగు మానితే ఎముకలకు కావలసిన సున్నం కూడా తగ్గుతుంది.

ఆదిమానవుడు తిండి కోసం రోజంతా నడిచాడు. మనం కనీసం కూరగాయల అంగడిదాకానైనా నడిచి వెళదాం. వచ్చేటప్పుడు సంచిలో రెండు కట్టల ఆకుకూర తెచ్చుకుందాం.